బాటరీల ఉమ్మడి కాపురం

ఇంట్లో నిప్పు ఎక్కడెక్కడ ఉన్నదో చెప్పమంటే మన అమ్మమ్మలు తడుముకోకుండా చెప్పేవారు: పొయ్యిలో ఉన్నది, దేవుడి దగ్గర దీపంలో ఉన్నది, తాతగారి చుట్టలో ఉన్నది. అంతటితో లెక్క సరి. రాత్రి పడుకోబోయే ముందు పొయ్యిలో నాలుగు నీళ్ళు చిలకరించి, దీపం కొండెక్కించి, తాతగారి మంచం కింద ఒకసారి చూసుకుంటే ఇల్లు భద్రం.

ఇవాళ అదే ప్రశ్న ఏ ఇల్లాలిని అడిగినా గాసు పొయ్యి చూపించి ఊరుకుంటుంది. తలగడ పక్కనున్న సెల్‌ఫోను, అబ్బాయి బల్లమీది లాప్‌టాపు, వసారాలో స్కూటరు, గోడకు తగిలించిన టార్చిలైటు - వీటిని ఆవిడ నిప్పు కింద జమకట్టదు. చాలావరకు ఆవిడ లెక్క తప్పేమీ కాదు. బాగా తయారైన బాటరీ, దానికి తగిన చార్జరు, ఈ రెండూ ఉన్నంతకాలం భయపడవలసింది తక్కువ. ఐతే ఈ మధ్య మన ఊళ్ళలో కుర్రవాళ్ళు బాటరీలు కొనటం మానేసి తామే కట్టుకుంటున్నారు. అదీ సామాన్యమైన బాటరీ కాదు, లిథియం బాటరీ. ఈ పని చెయ్యవచ్చునా, కూడదా, చేస్తే ఇల్లు వాకిలి కాపాడుకుంటూ ఎలా చెయ్యాలి - ఈ సంగతులు తెలిసినంతవరకు చెబుతాను.

పత్తి చేలల్లో పుట్టిన విద్య

మాది పరకాల. హన్మకొండ నుంచి భూపాలపల్లి పోయే దారిలో వస్తుంది. మొదట వరంగల్ జిల్లా. 2021 నుంచి హన్మకొండ జిల్లాలో లెక్క. ఊరి చుట్టూ పత్తి చేలు. పత్తి ఉన్నచోట పురుగు, పురుగు ఉన్నచోట మందుకొట్టే పంపు తప్పవు గదా. వెనకటి చేతిపంపులు పోయి వీపున తగిలించుకునే బాటరీ పంపులు వచ్చాయి. పైన 16 లీటర్ల నీళ్ళు, అడుగున ఒక సీసపు బాటరీ: 12 వోల్టులు, 8 ఆంపియర్-గంటలు, బరువు రెండు కిలోల పైచిలుకు. రెండు మూడు కార్తెలు గట్టిగా వాడేసరికి ఈ సీసపు బాటరీ నీరసపడుతుంది. పొద్దున చార్జి చేసి తీసుకుపోతే పది గంటలకే పంపు ముక్కుతుంది.

మా వీధిలో ఐ.టి.ఐ. చదివిన కుర్రవాడొకడు ఉన్నాడు. నేను బడిలో ముప్ఫయ్యేళ్ళు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి గనక, ఏ వైరు తెగినా నా దగ్గరికి వస్తాడు. పోయిన ఏడు వానాకాలంలో ఒక సంచీ పట్టుకువచ్చి నా ముందు బోర్లించాడు. పాత లాప్‌టాపుల్లోంచి ఊడదీసిన సెల్లులు, బొటనవేలంత లావు, అంతకంటె కాస్త పొడుగు.

"సార్, ఇవి పదిహేను కలిపి కడితే సీసం దానికంటె ఎక్కువసేపు నడుస్తది. కిలో గూడ తూగదు. మా బాపు భుజానికి మోత తప్పుతది," అన్నాడు.

లెక్క వెయ్యండి, వాడన్నది అక్షరాలా నిజం. ఆ సెల్లు పేరు 18650: అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడుగు. ఒక్కొక్కటి సుమారు 45 గ్రాములు. పదిహేనూ కలిస్తే 675 గ్రాములు. ఒక్కొక్క సెల్లు 2500 మిల్లీ ఆంపియర్-గంటలది అనుకుంటే, ఐదేసి చొప్పున మూడు గుంపులు కట్టినప్పుడు పన్నెండున్నర ఆంపియర్-గంటల బాటరీ అవుతుంది. సీసపుదానిలో మూడోవంతు బరువు, ఒకటిన్నర రెట్లు సత్తువ. పొద్దస్తమానం బురదలో 16 లీటర్ల నీళ్ళు మోసేవాడికి ఇది చిన్న సాయం కాదు.

"చార్జి ఎక్కడ పెడతావురా?" అని అడిగాను.

"ఇంట్లనే సార్. మా బాపమ్మ మంచం పక్కన ప్లగ్గున్నది. రాత్రి పెడితే తెల్లారేసరికి నిండుతది."

వాళ్ళది రెండు గదుల ఇల్లు, ఆరుగురు మనుషులు. పత్తి ఏరిన తరవాత ధర వచ్చేదాకా ఆ రెండో గదిలోనే కుప్ప పోస్తారు. మా ఊళ్ళో సగం ఇళ్ళలో అంతే. నాకు గుండె ఝల్లుమన్నది. ఎందుకన్నదో చెప్పాలంటే 2022లో జరిగినవి గుర్తు చెయ్యాలి.

ఆ ఏడు ఏం జరిగింది?

2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఒక ఇంట్లో విద్యుత్ స్కూటరు బాటరీ విప్పి, రాత్రి హాల్లో చార్జికి పెట్టి పడుకున్నారు. తెల్లవారుజామున అది పేలింది. ఎనభయ్యేళ్ళ పెద్దాయన చనిపోయాడు. సరిగ్గా నాలుగు రోజులైనా తిరక్కుండానే, ఏప్రిల్ 23న, విజయవాడలో పడకగదిలో చార్జికి పెట్టిన బాటరీ పేలి ఇంటి యజమాని పోయాడు. భార్యా పిల్లలు గాయపడ్డారు. సెప్టెంబరు 12 రాత్రి సికిందరాబాదులో ఒక హోటలు కింద సెల్లారులో ఉన్న విద్యుత్ స్కూటర్ల షోరూములో మంట లేచింది. పొగ మెట్లదారిన పైకెక్కి గదుల్లో ఉన్నవాళ్ళను చుట్టుముట్టింది. ఎనమండుగురు పోయారు.

ఈ బాటరీలేవీ పెరట్లో కూర్చుని కట్టినవి కావు, కంపెనీలు తయారుచేసినవే. ఆ రోజుల్లో దేశంలో ఇంకా చాలాచోట్ల స్కూటర్లు తగలబడటంతో కేంద్రప్రభుత్వం నిపుణుల సంఘం వేసింది. దానికి అధ్యక్షుడు మన హైదరాబాదులోని ఎ.ఆర్.సి.ఐ. అనే పరిశోధన సంస్థకు అప్పటి డైరెక్టరు టాటా నర్సింగరావు గారు. తరవాత నిబంధనలు బిగించారు: సెల్లుకూ సెల్లుకూ మధ్య ఎడం ఉండాలి, లోపల పుట్టిన వాయువు బయటికి పోవటానికి దారి ఉండాలి, నిండగానే చార్జరు దానంతటది ఆగాలి, ఇలాంటివి. మొదటి విడత 2022 డిసెంబరు 1 నుంచి, రెండో విడత 2023 మార్చి 31 నుంచి అమలులోకి వచ్చాయి.

ఇంజనీర్లు, పరీక్షాశాలలు ఉన్నవాళ్ళకే ఇన్ని కట్టుబాట్లు కావలసివస్తే, సంచీలో సెల్లులు తెచ్చి కట్టుకునేవాడు ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలో చూడండి.

సెల్లు కడుపులో ఏమున్నది?

లిథియం బాటరీ పుట్టుకలోనే నిప్పున్నది. 1970ల్లో అమెరికాలో స్టాన్లీ విట్టింగ్‌హామ్ అనే రసాయనజ్ఞుడు లిథియం లోహంతో బాటరీ చేశాడు. శక్తి బ్రహ్మాండం, కాని మండిపోయేది. 1980లో ఆక్స్‌ఫర్డులో జాన్ గుడ్‌ఇనఫ్ అనే ఆయన కోబాల్టు ఆక్సైడు వాడవచ్చునని చూపించాడు. 1985లో జపానులో అకిరా యోషినో లిథియం లోహాన్ని తీసేసి, లిథియం అయాన్లు మాత్రమే అటూ ఇటూ తిరిగేలాగా కార్బనుతో ఏర్పాటు చేశాడు. 1991లో సోనీ కంపెనీ దాన్ని బజారుకు తెచ్చింది. ఈ ముగ్గురికీ కలిపి 2019లో నోబెల్ బహుమతి ఇచ్చారు. అప్పటికి గుడ్‌ఇనఫ్ గారికి 97 ఏళ్ళు. అంత వయసులో నోబెల్ అందుకున్నవారు అంతకు ముందు లేరు.

సెల్లును కోసి చూస్తే (దయచేసి కొయ్యకండి) చాప చుట్టినట్టు చుట్టిన పొరలుంటాయి. ఒక అల్యూమినియం రేకు, ఒక రాగిరేకు, రెండిటి మీదా పూతలు, మధ్య ప్లాస్టిక్ పొర. ఈ చుట్టంతా తేలికగా అంటుకునే ద్రవంలో నానుతూ ఉంటుంది. చార్జి చేసినప్పుడు లిథియం అయాన్లు ఒక పూత నుంచి రెండో పూతలోకి వలసపోతాయి. వాడుకునేటప్పుడు తిరిగి వస్తాయి. సుఖంగా జరిగినంత సేపు సెల్లు వెచ్చబడటం కూడా తెలియదు.

ఆ మధ్య పొర సంగతి వినండి. దాని మందం మన వెంట్రుకలో మూడోవంతు ఉంటుంది. సాధారణంగా వాడే పాలిఎథిలీన్ పొర 130 డిగ్రీల దగ్గర కరగటం మొదలుపెడుతుంది. కరిగితే రెండు రేకులూ తగులుతాయి. తగిలితే వేడి, వేడికి రసాయనాలు విడిపోతాయి, దాంతో ఇంకా వేడి. కోబాల్టు, నికెలు రకాల్లో ఆ వేడికి ప్రాణవాయువు కూడా లోపలే పుడుతుంది. గుడ్డ కప్పి గాలి తగలకుండా చేస్తే పొయ్యి ఆరుతుంది. ఈ మంట అలా ఆరదు. పక్క సెల్లుకు అంటుకుంటుంది, అది దాని పక్కదానికి.

పొర చెడటానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. మొదటిది, నిండిన తరవాత కూడా నింపటం. ఈ సెల్లు నిండటమంటే 4.2 వోల్టులు. దాన్ని దాటి తోస్తే లిథియం ఇముడుకోవటానికి చోటులేక లోహంగా పేరుకుంటుంది, పల్లేరుముళ్ళలాగా మొలకలు వేసి పొరను పొడుస్తుంది. రెండోది, మరీ ఎండగట్టటం. 2 వోల్టుల కిందికి పోయి అలాగే ఉండిపోతే రాగిరేకు కరిగి, తరవాత చార్జి చేసినప్పుడు అక్కరలేనిచోట పేరుకుంటుంది. మూడోది వేడి. సాధారణంగా ఈ సెల్లులను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చెయ్యవద్దని తయారుచేసినవాళ్ళే రాస్తారు. వైశాఖంలో మా వరంగల్ ప్రాంతపు ఎండ అక్కడికి చేరుతుంది. రేకుల షెడ్డు కింద ఇంకా ఎక్కువ.

మొత్తం సరిపోయింది, వాటాలు సరిపోలేదు

ఒక్క సెల్లు ఉన్నప్పుడు ఈ గొడవ తక్కువ. సెల్‌ఫోనులో ఉండేది ఒకటే గనక చార్జరు దాన్ని కనిపెట్టి ఉంటుంది. నలుగురు ఒక ఇంట్లో చేరినప్పుడే గదా తగవులు వచ్చేది!

ఐదేసి సెల్లులు పక్కపక్కన కట్టటాన్ని అడుగున గొట్టంతో కలిపిన ఐదు కుండలతో పోల్చవచ్చు. నీటిమట్టం అన్నిట్లోనూ సమానంగా ఉంటుంది. ఐతే కలిపేటప్పుడు ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా ఉంటే నీరు ఒక్క ఉరుకున పారుతుంది. సెల్లుల్లో కరెంటు అలాగే పారి వేడెక్కుతుంది. అంచేత కట్టబోయే ముందు అన్నిటినీ ఒకే వోల్టేజికి తెచ్చుకోవాలి.

ఇలాంటి గుంపులు మూడింటిని వరసన కలిపితే మన పంపు బాటరీ. ఒక్కొక్కటి 4.2 చొప్పున నిండితే మొత్తం 12.6 వోల్టులు. చార్జరు 12.6 రాగానే "నిండింది" అనుకుంటుంది. తిరకాసంతా ఇక్కడే. మూడు గుంపుల్లో ఒకటి ముసలిదనుకోండి. దాని కడుపు చిన్నది, ముందే నిండుతుంది. మిగతా రెండూ ఇంకా 4.05 దగ్గరే ఉంటే ఇది 4.5కు పోతుంది. మూడూ కూడితే ఎంత? సరిగ్గా 12.6. చార్జరుకు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. లోపల మాత్రం ముసలి గుంపులో ముళ్ళు మొలుస్తున్నాయి.

ఖర్చు చేసేటప్పుడూ అంతే. మొత్తం 9 వోల్టులు ఉన్నది, పంపు తిరుగుతూనే ఉన్నది. అందులో రెండు గుంపులు మూడున్నర చొప్పున ఉంటే మూడోది 2 వోల్టులకు దిగిపోయింది. ఉమ్మడి కుటుంబాల్లో చూడండి, బయటివాళ్ళకు ఇంటి ఆదాయమంతా కలిపి బ్రహ్మాండంగానే వినిపిస్తుంది. మూడో కోడలి వాటాకు ఏం వచ్చిందో వంటింట్లోకి వెళితేగాని తెలియదు.

ఆ వంటింట్లోకి తొంగిచూసే పెద్దమనిషి పేరు బి.ఎం.ఎస్. అరచెయ్యంత కూడా ఉండని చిన్న పలక. మూడు గుంపుల బాటరీకి దాన్నించి నాలుగు తీగలు పోతాయి. ఒక్కొక్క గుంపు వోల్టేజినీ విడివిడిగా చూస్తుంది. ఏ ఒక్కటి హద్దు దాటినా చార్జిని తెంపేస్తుంది, ఏ ఒక్కటి అడుగంటినా పంపును ఆపేస్తుంది. మంచి రకమైతే ముందు నిండినదాని దగ్గర కాస్త కరెంటు ఖర్చుపెట్టి మిగతావాటిని అందుకోనిస్తుంది. ఈ గుణాన్ని బాలెన్సింగు అంటారు. చౌకరకం పలకల్లో కొన్నిటికి కాపలా ఉంటుంది గాని బాలెన్సింగు ఉండదు. కొనేటప్పుడు అడిగి తీసుకోవాలి. ఐదు వందల రూపాయలలోపు వస్తువు ఇది. దీన్ని మానేసి మిగుల్చుకున్న డబ్బు ఎవరికీ కలిసిరాదు.

పాత సెల్లులకు పెళ్ళిచూపులు

మా కుర్రవాడు తెచ్చిన సంచీలో నలభై సెల్లులున్నాయి. పదిహేను చాలునన్నాడు. "నలభైలో పదిహేను నిలుస్తాయేమో చూద్దాం," అన్నాను.

మొదట కంటితో చూశాం. తుప్పు పట్టినవి, సొట్టపడినవి, పై తొడుగు చిరిగినవి పక్కన పెట్టాం. తరవాత మీటరు పెట్టి చూశాం. రెండు వోల్టుల కిందికి పడిపోయిన వాటిని మళ్ళీ లేపవద్దని చెప్పాను. లేస్తాయి, అందుకే ప్రమాదం. చచ్చి లేచినవాణ్ణి ఇంట్లో పెట్టుకున్నట్టు ఉంటుంది. మిగిలినవాటిని ఒక్కొక్కటిగా నింపి, ఖాళీచేసి, ఎంత సత్తువ ఉన్నదో కొలిచే చిన్న యంత్రం ఉన్నది, దానిమీద పెట్టాం. చార్జి అయ్యేటప్పుడు చేతికి వేడిగా తగిలినవి తీసేశాం. మొదట్లో ఉండవలసినదానిలో ఎనభై పాళ్ళకు తగ్గినవీ తీసేశాం. తరవాత నిండు సెల్లులను మూడు వారాలపాటు కదపకుండా ఒక పింగాణీ పళ్ళెంలో ఉంచాం. వాటంతటవే వోల్టేజి జారిపోయినవాటికి లోపల ఎక్కడో చిల్లు ఉన్నట్టే. చివరికి మిగిలినవి పదకొండు.

పాతవాటిలో నాలుగు కొత్తవి కలుపుదామన్నాడు. కొత్తకోడలిని తెచ్చి ముసలి సంసారంలో పడేస్తే ఇద్దరికీ సుఖం లేదు. ప్యాకులో అన్నీ ఒకే కంపెనీవి, ఒకే రకం, ఒకే వయసువి అయితేనే వాటాలు సమంగా నిలుస్తాయి. ఆ పదకొండూ విడిగా టార్చిలైట్లకు ఇచ్చేసి, పంపుకు పదిహేనూ కొత్తవే కొనిపించాను. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ దాకా వెళ్ళి తెచ్చుకున్నాడు.

కొత్తవి కొనేవాళ్ళకు ఒక మాట. 18650 సెల్లు మీద 9000 అనీ 9900 అనీ అంకె వేసి అమ్మేవాళ్ళున్నారు. ఈ కొలత సెల్లులో మంచి కంపెనీవాళ్ళు పట్టించగలిగింది 3500. ఇటీవలి ఘనత 4000 దరిదాపు. తొమ్మిది వేలు అని చదివితే దాన్ని చేతిలో పెట్టుకుని బరువు చూడండి, తేలిగ్గా ఉంటుంది. సెల్లు మీద, డబ్బా మీద ఐ.ఎస్. 16046 అన్న ప్రమాణం గుర్తు కోసం వెతకండి.

కట్టే పని గురించి రెండు ముక్కలు. సెల్లు మీద నేరుగా టంకం పెట్టకూడదు. ఆ వేడి లోపలి పొరకు తగులుతుంది. నికెలు పట్టీని క్షణంలో అతికించే స్పాట్ వెల్డింగు యంత్రం వాడాలి. నికెలు పేరు చెప్పి పూత వేసిన ఇనుపపట్టీ అంటగడతారు. ఒక ముక్కను గీకి ఉప్పునీళ్ళలో వేసి రెండు మూడు రోజులు ఉంచితే తుప్పు బయటపడుతుంది. ఇంకొకటి చాలామందికి తెలియదు: సెల్లు ఒళ్ళంతా ఋణధ్రువమే. పై టోపీ ఒక్కటే ధనధ్రువం. రెండిటికీ మధ్య అడ్డం ఒక పలచటి ప్లాస్టిక్ తొడుగు. పట్టీ అంచు కోసుకుని ఆ తొడుగు తెగిందా, అక్కడికక్కడే షార్టు. అంచేత ప్రతి టోపీ చుట్టూ అట్టతో చేసిన వలయం అతికించి ఆ తరవాతే వెల్డింగుకు కూర్చోవాలి. ప్యాకు నుంచి బయటికి వచ్చే ధనధ్రువపు తీగకు, ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా, ఒక ఫ్యూజు ఉండాలి.

చార్జరు: ఇంటికి చుట్టమా, దొంగా?

ప్యాకు ఎంత శ్రద్ధగా కట్టినా చార్జరు దగ్గర పని చెడుతుంది. మా కుర్రవాడి ఇంట్లో పాత సీసపు బాటరీ చార్జరు ఒకటి ఉన్నది. దాని పిన్నూ కొత్త ప్యాకు రంధ్రమూ ఒకటే కొలత, దూర్చితే దూరుతుంది. సీసపు చార్జరు సుమారు 14.4 వోల్టులు ఇస్తుంది. మూడు గుంపులకు పంచండి: గుంపుకు 4.8. పరిమితి 4.2 అని చెప్పాను గదా!

"బి.ఎం.ఎస్. ఆపుతది గద సార్?" అన్నాడు.

ఆపుతుంది, అది బాగున్నంత కాలం. ఐతే దాని లోపలి ట్రాన్సిస్టర్లు చెడిపోయేటప్పుడు ఒక్కోసారి తలుపు తెరిచిపెట్టి చెడిపోతాయి. కాపలావాడున్నాడు గదా అని రోజూ దొంగను పిలిచి చావడిలో కూర్చోబెట్టం. కావలసిన చార్జరు 12.6 వోల్టులది, లిథియంకోసమే చేసినది. అది మొదట కరెంటును ఒకే తీరున పంపిస్తుంది, 4.2 చేరగానే వోల్టేజిని అక్కడ నిలిపి కరెంటును క్రమంగా తగ్గించుకుంటూ పోయి, బొత్తిగా సన్నబడ్డాక ఆపేస్తుంది. అన్నం వడ్డించేవాళ్ళు మొదట గరిటెలతో వేసి, చివర "ఇంక చాలా?" అని అడిగి మెతుకులు వేసినట్టు.

రెండు పనులు చేయించాను. కొత్త ప్యాకుకు వేరే ఆకారం ప్లగ్గు పెట్టించాను, పాత చార్జరు ఎంత తోసినా దూరకుండా. కొత్త చార్జరు మీద ఎర్ర రంగుతో 'లిథియం' అని రాయించాను, ఇంట్లో చదువురాని బాపమ్మకు కూడా రంగు గుర్తుంటుందని.

లిథియంలో మరొక రకం ఉన్నది, ఐరన్ ఫాస్ఫేటుది. 1990ల్లో అమెరికాలో గుడ్‌ఇనఫ్ గారి ప్రయోగశాలలోనే అక్షయ పాఢి అనే భారతీయుడు దానిమీద పనిచేశాడు. ఆ వ్యాసం 1997లో వెలువడింది. అది ఒక్కొక్కటి 3.2 వోల్టులే ఇస్తుంది, కాస్త బరువెక్కువ, కాని వేడికి చాలా ఓర్చుకుంటుంది, ప్రాణవాయువును అంత తేలికగా వదలదు. ఇంటి ఇన్వర్టరుకో, దుకాణంలో దీపాలకో బాటరీ కడదామనుకునేవాళ్ళు బరువు మోసే పని లేదు గనక ఈ రకమే ఎంచుకోవటం మేలు. దానికి నిండు వోల్టేజి 3.65. దాని చార్జరు దానిదే. ఒకదాని చార్జరు మరొకదానికి పనికిరాదు.

నిద్రపోయే వేళ

ఇన్ని చేసినా అసలు పేచీ మిగిలే ఉన్నది: రాత్రి, మంచం పక్కన, పత్తి గదిలో. కుర్రవాడి తల్లి నాతో వాదించింది. ఆవిడ వాదన కొట్టిపారెయ్యదగినది కాదు.

"పొద్దంత చేన్లనే ఉంటం సార్. ఇంటికి వచ్చేసరికి చీకటైతది. రాత్రి పెట్టకపోతే ఇగ ఎప్పుడు పెట్టాలె? బయట పెడితే ఎవడన్న ఎత్తుకపోతడు."

ఇక్కడ ఉపదేశాలు పనిచెయ్యవు, లెక్క పనిచేస్తుంది. పన్నెండున్నర ఆంపియర్-గంటల ప్యాకును 2 ఆంపియర్ల చార్జరుతో నింపితే ఆరేడు గంటలు పడుతుంది. తెల్లవార్లూ ఉంచక తప్పదు. అదే 5 ఆంపియర్ల చార్జరైతే? ఐదు సెల్లులు పంచుకుంటాయి గనక సెల్లుకు ఒక ఆంపియరు. 2500 సెల్లుకు అది ఇబ్బందిలేని మోతాదు. మూడు గంటల్లో దాదాపు నిండిపోతుంది. పట్టీలూ, పలకా ఆ కరెంటుకు తగినవేనని చూసుకున్నాం.

అంచేత ఏర్పాటు ఇలా కుదిరింది. చేను నుంచి రాగానే ప్యాకును అరగంట నీడన చల్లారనిస్తారు. ఎండలో కాగిన ప్యాకును వెంటనే చార్జికి పెట్టరు. తరవాత వసారాలో, గోడపక్క, షాబాదు బండమీద పెడతారు. ఆ బండకు చుట్టుపక్కల చాప లేదు, గోనెసంచీ లేదు, గాసుబండ లేదు, గుమ్మానికి అడ్డం కూడా రాదు. ఈ చివరిది ముఖ్యం: మంట లేస్తే మనుషులు దాన్ని దాటి బయటికి రావలసిన చోట ఎన్నడూ పెట్టకూడదు. సికిందరాబాదులో పొగ ఎక్కిన మెట్లదారే మనుషులు దిగవలసిన దారి కూడా. వంట, భోజనాలు, టీవీ అయ్యేలోపల చార్జి అయిపోతుంది. పడుకోబోయే ముందు ప్లగ్గు పీకి, ప్యాకు లోపల పెట్టుకుంటారు. మనుషులు మేలుకుని ఉన్నప్పుడు చార్జి, నిద్రపోయేటప్పుడు బాటరీకి కూడా నిద్ర.

కార్తె అయిపోయి పంపు అటకెక్కేటప్పుడు ప్యాకును నిండుగా ఉంచకూడదు, ఖాళీగానూ ఉంచకూడదు. సగం చార్జి మీద, చల్లనిచోట దాచి రెండు మూడు నెలలకొకసారి మీటరు పెట్టి చూడాలి.

పొగ వస్తే

బాటరీ చెడేముందు చాలాసార్లు చెబుతుంది: ఉబ్బుతుంది, అకారణంగా వేడెక్కుతుంది, తియ్యటి ఘాటు వాసన వస్తుంది, బుసకొడుతుంది. ఉబ్బినదాన్ని నొక్కి సరిచెయ్యటం, సూదితో పొడిచి గాలి తియ్యటం ప్రాణంమీదికి తెస్తాయి.

పొగ మొదలైతే, చేతికి అందేచోట ఉంటే గోడ స్విచ్చి ఆపండి. ప్యాకును చేత్తో పట్టుకోకండి. ముందు మనుషులు బయటికి, తరవాత తలుపు మూత, తరవాత 101కో 112కో ఫోను. ఆ పొగ విషం. అందులో ఊపిరితిత్తులను కాల్చే వాయువులుంటాయి. మన పంపు ప్యాకు లాంటి చిన్నదైతే, గోడ కరెంటు ఆగిన తరవాత, దూరం నుంచి బకెట్లకొద్దీ నీళ్ళు పొయ్యవచ్చు. నీరు చేసే పని చల్లబరచటం. పక్క సెల్లు అంటుకోకుండా ఆపేది అదే. ఇసక మంటను కప్పుతుంది గాని లోపలి వేడిని తియ్యదు. ఆరిపోయినట్టు కనిపించినది గంట తరవాత మళ్ళీ అంటుకోవచ్చు గనక దాన్ని ఇంట్లోకి తేవద్దు.

చచ్చిన సెల్లులను చెత్తబండిలో వెయ్యకండి. 2022 ఆగస్టులో వచ్చిన బాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. రెండు కొసలకూ టేపు అంటించి, సేకరించేవాళ్ళకు అప్పగించేదాకా పిల్లలకు అందనిచోట ఉంచండి.

తల్లిదండ్రులకు

మీ ఇంట్లో కూడా ఇలాంటి కుర్రవాడు ఉండే ఉంటాడు. బల్లమీద తీగలు, పొద్దుపోయేదాకా దీపం, అడిగితే విసుగు. "ఈ చెత్తంతా అవతల పారెయ్!" అనటం తేలిక. పారెయ్యడు, గొడ్లపాకలోకి మారుస్తాడు, అక్కడ గడ్డి ఉంటుంది.

లిథియం సెల్లులు మన దేశానికి కొత్తవి కావు, ఇంకా ఎక్కువ కాబోతున్నాయి కూడా. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో పెద్ద సెల్లుల ఫాక్టరీకి 2023 మేలో పునాది వేశారు. ఇవాళ వసారాలో కూర్చుని గుంపుల వోల్టేజి చూసే పిల్లలకు రేపు అలాంటిచోట పని దొరకవచ్చు. అంచేత వాణ్ణి మాన్పించకండి. వాడి పక్కన కుర్చీ వేసుకుని మూడు ప్రశ్నలు అడగండి. "ఒక్కొక్క గుంపూ విడివిడిగా ఎంత చూపిస్తున్నది?" "చార్జరు మీద ఎన్ని వోల్టులని రాసి ఉన్నది?" "దీన్ని ఎక్కడ, ఎప్పుడు చార్జికి పెడతావు?" వీటికి జవాబు చెప్పటానికి వాడు మీటరు తీస్తే భయంలేదు. తల గోక్కుంటే, ఆ జవాబులు దొరికేదాకా ప్యాకు చార్జికి పెట్టనివ్వకండి.